ఉమ్మడి శత్రువు, ఉమ్మడి ధర్మము

మనుష్యజాతి కంతటికిని ఒక్క శత్రువు దాపురించినచో మనుష్యులందఱును ఏకమగుదురని లోకములో ఒక మాట కలదు. 1987 సెప్టెంబరు 21వ తేదీన అమెరికా అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభలో మాటలాడుచు, ఈ భూమికి వెలుపలినుండి ఏదేని యుపద్రవము వచ్చిపడినచో మన భేదములు ఎంత వేగముగ మాయమగునో గదా యని తన యూహను సభవారికి తెలిపెను. మన యిండ్లలోని పెద్దలు కలహించుకొను అన్నదమ్ములకు చెప్పు హితవును ఇట్టిదే. వీథిలోనివాడు గుమ్మము తొక్కినప్పుడుగాని మీకు రక్తసంబంధము జ్ఞప్తికి రాదని వారు మందలింతురు. ఈ మాట వినుటకు ఇంపుగనే యున్నది. కాని యిది సత్యమా? సత్యమే యైనచో, అట్లు కలిగిన యైకమత్యమును ధర్మమని చెప్పవచ్చునా? ఈ రెండు ప్రశ్నలను విమర్శించుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

అన్యగ్రహములనుండి మనపైకి దండెత్తి వచ్చినవారు చరిత్రలో లేరు. కావున ఈ విషయమున కల్పనను ఆశ్రయింపక తప్పదు. కల్పన యనగానే కాలక్షేపమని తలంచుట తగదు. 1898లో ఆంగ్లరచయిత హెచ్. జి. వెల్స్ అంగారకగ్రహవాసులు ఇంగ్లండుపై పడినట్లు నవల వ్రాసి ప్రకటించినప్పుడు, యూరపువారు టాస్మేనియా ద్వీపమునందలి యాదిమవాసులను ఎట్లు రూపుమాపిరో ఆరంభమునందే తన దేశస్థులకు జ్ఞాపకము చేసెను. మీరు ఇతరులకు చేసినదే మీకు జరిగినచో మీకెట్లుండునని యాతని ప్రశ్న. మంచి కల్పన యిట్లు మనలను మన స్థానమునుండి లేపి పరుని స్థానమున కూర్చుండబెట్టును.

ఇట్టి కల్పనలలో మేము విమర్శింపదలచినది అమెరికాదేశపు నవలాకారుడు హ్యారీ టర్టిల్‌డవ్ 1994 మొదలు 1996 వఱకు నాలుగు సంపుటములుగ ప్రకటించిన గ్రంథము. ఆయన బైజాంటియ సామ్రాజ్యచరిత్రలో పరిశోధన చేసి పట్టము పొందినవాడు. జరిగిన చరిత్రలో ఒక్క సంగతిని మార్చి, ఆ మార్పువలన తక్కినదంతయు ఎట్లు పరిణమించియుండునో వర్ణించుట ఈ విధమైన రచనకు లక్షణము. ఇందలి మార్పు రెండవ ప్రపంచయుద్ధము నడుమ, 1942లో, ఆకాశమునుండి ఒక పరజాతి దిగివచ్చుట. మనుష్యులు వారిని బల్లులని పిలుతురు. వారు సుమారు 800 ఏండ్లకు పూర్వము ఒక శోధకయంత్రమును పంపి భూమిని పరీక్షించిరి. అప్పుడు వారికి కనబడినది కవచము తొడిగి గుఱ్ఱమెక్కిన యోధుడు. ఎన్నో వేల యేండ్లకు ఒక్కొక్క మార్పు చొప్పున మెల్లగ నడచు జాతియగుటచేత, మనుష్యుడును అట్లే నిలిచియుండునని వారు నమ్మిరి. తీర వచ్చిచూడగా ట్యాంకులు, విమానములు, రేడియోలు వారికి ఎదురైనవి. అప్పటికే భూమిమీది మహారాజ్యములు ఒకదానినొకటి నాశనము చేసికొనుచుండెను.

ఇక మొదటి ప్రశ్న. ఉమ్మడి శత్రువు రాగానే మనుష్యులు ఏకమైరా? కొంతవఱకు ఐరని గ్రంథకర్త చెప్పుచున్నాడు. ముందటినాటివఱకు ఒకరినొకరు చంపుకొనుచుండిన జర్మనులును రష్యనులును కలిసి, అణ్వస్త్రములకు వలయు లోహమును పరజాతివారినుండి అపహరింతురు. కాని ఆ సొత్తు చేజిక్కినవెంటనే పంపకములు మొదలగును. ఎవరి భాగము వారు దాచుకొని, ఎవరి బాంబు వారు తయారు చేసికొందురు. భయము వారిని ఒక్కచోట నిలిపినది గాని ఒకరిపై నొకరికి నమ్మకమును కలిగింపలేదు. తుదకు 1944లో కైరో నగరమున సంధి జరుగగా, స్వాతంత్ర్యము నిలుపుకొన్నవారు అమెరికా, రష్యా, జర్మనీ, బ్రిటను, జపానులు. తక్కిన ప్రపంచములో అధికభాగము, చైనాయు ఆఫ్రికాయు మన భరతఖండమును గూడ, ఆ పరజాతిపాలనమునందే నిలిచిపోయెను. ఉమ్మడి శత్రువుతో పోరినది మానవజాతి యని పేరు. సంధిపత్రము వ్రాసికొన్నది మాత్రము బలవంతులు. అంతకుముందే పరాధీనులైయున్నవారికి ప్రభువులు మాఱిరి, అంతకుమించి యేమియు మాఱలేదు. కథ కల్పితమైనను, ఈ లెక్కలో అసత్యమున్నదని బానిసత్వము అనుభవించిన ఏ జాతియు చెప్పజాలదు.

రెండవ ప్రశ్న ఇంతకంటె కఠినమైనది. దానిని విచారించుటకు ముందు జరిగిన చరిత్రను స్మరింపవలెను. పోలండు రాజధానియగు వార్సా నగరమున జర్మనులు 1940 నవంబరులో ఒక పేటచుట్టు గోడ కట్టి 4,00,000లకు పైబడిన యూదులను అందులో బంధించిరి. దానిని ఘెట్టో యందురు. 1942 నడిమివఱకు అందులో ఆకలిచేతను రోగములచేతను మరణించినవారు సుమారు 83,000. ఆ సంవత్సరము జులై 22వ తేదీన తరలింపు ఆరంభమాయెను. రెండు నెలలలో సుమారు 2,65,000 మందిని రైలుపెట్టెలలో కుక్కి ట్రెబ్లింకా వధాస్థానమునకు కొనిపోయిరి. 1943 ఏప్రిలు 19వ తేదీన, మిగిలినవారిలోని యువకులు మొర్డెకాయ్ అనీలెవిచ్ అనువాని నాయకత్వమున తిరుగబడిరి. అదే దినమున బెర్ముడా ద్వీపమున ఆంగ్లేయ, అమెరికా ప్రతినిధులు శరణార్థులనుగూర్చి ఆలోచించుటకు సమావేశమైరి. ఆ సమావేశమువలన చెప్పదగిన సహాయమేదియు కలుగలేదు. మే 8వ తేదీన అనీలెవిచ్ మరణించెను. ఆకాశమునుండి గాని భూమినుండి గాని వారిని రక్షించుటకు ఎవ్వరును రాలేదు.

నవలలో మాత్రము వచ్చిరి. మోయిషే రుస్సీ యను కల్పితపాత్ర ఆ ఘెట్టోలోని వైద్యవిద్యార్థి. అతడు ఆకలితో కృశించిన భార్యాపుత్రులను చూచుచు, ఏదేని యొక సూచన చూపుమని దేవుని ప్రార్థించుచుండగా, ఆకాశమున మహత్తరమైన వెలుగు కనబడెను. అది పరజాతివారి యస్త్రము. వారు వార్సానుండి జర్మనులను తఱిమివేసిరి. యూదులకు అన్నము దొరకెను, ఆయుధములు దొరకెను. అందులకు ప్రతిగా వారు పరజాతిపక్షమున నిలిచిరి. రుస్సీ వారి రేడియోలో నిలిచి, తనవారికి జర్మనులు చేసిన ఘోరములను లోకమునకు చాటెను.

ఇప్పుడు లోకము వీరిని ఏమనవలెను? ప్రపంచమంతయు ఒక్కటై పోరాడవలసిన సమయమున పరజాతితో చేయి కలిపిన ద్రోహులని యనవచ్చునా? నవలలో అట్లనువారు కలరు. మేము మాత్రము అట్లనజాలము. ఏలయన, ద్రోహమను నేరము ఏర్పడుటకు ముందు సంబంధము ఉండవలెను. గోడ కట్టి, అన్నము మాన్పి, బిడ్డలను రైలుపెట్టెలలోనికి త్రోసినవాడు ఆ సంబంధమును తానే త్రెంచివేసినాడు. ఇంటినుండి వెలివేసినవానిని పిలిచి, ఇంటికి నిప్పంటుకొన్నదిగాన నీవును నీళ్లు మోయుమనుటకు ఇంటివారికి ఏమి హక్కు గలదు? మోసినచో అది వాని యౌదార్యము. మోయకున్నచో అది వాని దోషము కాదు.

భారతకథలో ఘోషయాత్ర యను ఘట్టమును చదువరులు ఎఱుగుదురు. వనవాసమునందున్న పాండవులకు తన వైభవమును చూపి వారి మనస్సులను నొప్పింపవలెనని బయలుదేరిన దుర్యోధనుని గంధర్వులు పట్టి బంధించిరి. ఆకాశచరులు వచ్చి కౌరవేశ్వరుని బంధించుటయు నొకవిధమున పరలోకపు దండయాత్రయే. భీముడు ఈ వార్త విని సంతోషించెను. ధర్మరాజు మాత్రము, మనలో మనకు కలహము వచ్చినప్పుడు మనమైదుగురము, వారు నూర్గురు, పరులతో కలహము వచ్చినప్పుడు మనము నూటయైదుగురము అని తలచి తమ్ములను పంపి విడిపించెనని పెద్దలు చెప్పుదురు. ఐకమత్యమును బోధించువారందఱును ఈ మాటను నోరార వల్లింతురు. కాని ఇందు రెండు సంగతులను వారు మఱచుచున్నారు. మొదటిది, ఈ మాట పలికినవాడు అన్యాయమునకు గుఱియైనవాడు. అన్యాయము చేసినవాడు కాడు. జూదములో సర్వస్వము హరించి, సభలో ఇంటి కోడలిని అవమానించినవాడు, మనము నూటయైదుగురము గదా యని పలికియుండినచో ఆ పలుకును ఎవరైన నీతివాక్యముగ గ్రహింతురా? రెండవది, ఆ రక్షణమువలన దుర్యోధనుని మనస్సు మాఱలేదు. అతడు సిగ్గుచే ప్రాణత్యాగమునకు సిద్ధపడెను గాని, వారి రాజ్యమును వారికి ఇచ్చుటకు సిద్ధపడలేదు. గంధర్వులు పోయిరి, కురుక్షేత్రము మాత్రము తప్పలేదు. ఉమ్మడి శత్రువు అన్యాయమును ఒకింతసేపు కప్పిపెట్టునేగాని తీర్చడు.

ఇంతమాత్రముచేత, పీడితుడు ఏమి చేసినను తగునని మేము చెప్పుట లేదు. ఈ గ్రంథములో మాకు మిక్కిలి విలువైనదిగ తోచినది ఈ తరువాతి సంగతియే. పరజాతివారు వాషింగ్టన్ నగరమును అణుబాంబుతో ధ్వంసము చేసిరి. ఆ కార్యమును మెచ్చుకొనుచు రేడియోలో మాటలాడుమని రుస్సీని ఆజ్ఞాపించిరి. అమెరికావారు యూదులకు ఏ కీడును చేసినవారు కారు. రుస్సీ అందులకు ఒప్పుకొనలేదు. తన ప్రాణములను, తనవారి ప్రాణములను కాపాడినవారి యాజ్ఞను కాదని, భార్యాపుత్రులతో అజ్ఞాతవాసమునకు పోయెను. గోడలోపలి ఆకలి యెట్టిదో మఱువనివాడు, మరల ఆ యాకలికి సిద్ధపడెను.

ఇది కృతఘ్నత కాదా యని కొందఱు అడుగవచ్చును. అన్నము పెట్టినవాని కీర్తిని పాడుట కనీసధర్మము గదా యని వారి వాదము. మన సమాజములో ఉప్పు తిన్న విశ్వాసమునకు గల గౌరవము మేమెఱుగనిది కాదు. కాని ఉపకారమునకు ప్రత్యుపకారము చెల్లును, సేవ చెల్లును, అవసరమైనచో ప్రాణమును చెల్లును. సత్యము మాత్రము చెల్లదు. ఏలయన అది ఉపకారము పొందినవాని సొత్తు కాదు. రుస్సీ జర్మనుల ఘోరములనుగూర్చి పరజాతి రేడియోలో చెప్పినప్పుడు సత్యమునే చెప్పెను. ఆ రేడియో ఎవరిదైనను ఆ సత్యము సత్యమే. అదే కంఠము నిరపరాధుల నగరమొకటి బూడిదయగుటను కొనియాడినచో, రెండవ మాట అసత్యమగుటయే గాక, మొదటి మాటకు గల సాక్ష్యబలము కూడ నశించును. చచ్చినవారి పక్షమున సాక్ష్యము చెప్పువాడు తన నాలుకను అద్దెకీయరాదు. సత్యమును కల్తీ లేక చెప్పినప్పుడే లోకము నమ్ముట దుర్లభము. పోలండు దూతయగు యాన్ కార్‌స్కీ వార్సా ఘెట్టోను స్వయముగ చూచి, 1943లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానపు న్యాయమూర్తి ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్‌తో ఆ సంగతి చెప్పగా, తానుగూడ యూదుడైన ఆ న్యాయమూర్తి దానిని నమ్మజాలకపోయెను. ఉన్నది ఉన్నట్లు చెప్పినదానికే ఇట్టి గతి పట్టినప్పుడు, పోషకుని మెప్పుకొఱకు కలిపి చెప్పినదాని గతి యేమగును?

గ్రంథములో దీనికి ఎదురుముఖముగ నిలిచిన మఱియొక పాత్ర గలదు. హైన్‌రిచ్ యేగర్ జర్మను ట్యాంకుదళములోని యధికారి. అతడు దేశభక్తుడు, తన పనిని తాను చేసికొనిపోవువాడు. 1941 సెప్టెంబరు 29, 30 తేదీలలో కీవ్ నగరముచెంత బాబీ యార్ అను కనుమలో తనవారు 33,771 మంది యూదులను కాల్చి చంపినది నిజముగ జరిగిన చరిత్ర. ఆ సంగతిని నవలలో అతడు ఒక యూదయోధుని నోట వినును. విన్నది మొదలు అతనికి నిద్ర లేదు. తుదకు తన పక్షమువారే యూదులు నివసించు లోడ్జ్ నగరమున అణుబాంబును రహస్యముగ పెట్టబోగా, అతడు ఆ సంగతిని యూదులకు తెలియజేసి, దానిని ఆపుటకు తోడ్పడును. తన సైన్యమువారి దృష్టిలో అతడు ద్రోహి.

మనకు ఈ సమస్య క్రొత్తది కాదు. ఇంటిగుట్టు లంకకు చేటు అను సామెతలో విభీషణునిపై మన తల్లులు ఇప్పటికిని వేయుచున్న నింద అదియే. రావణుడు చేసినది తప్పని కుంభకర్ణుడును చెప్పెను, విభీషణుడును చెప్పెను. ఒకడు చెప్పియు అన్నకొఱకు పోరి మడిసెను. ఒకడు చెప్పి వెడలిపోయెను. లోకము మొదటివాని విశ్వాసమును మెచ్చుకొనుచు, రెండవవాని ధర్మమును పూజించుచు, రెండింటి నడుమ ఊగులాడుచున్నది. మా తీర్పు ఇది. లంకకు చేటు తెచ్చినది గుట్టు చెప్పుట కాదు, చెప్పుటకు అట్టి గుట్టు ఉండుట. చెఱపట్టిన స్త్రీని అశోకవనమున దాచిన యింటికి గుట్టు కాపాడువారు ఎందఱున్నను రక్షణ లేదు.

ఈ విచారణ మన తీరమునకు దూరమైనది కాదని చూపుటకు 1942వ సంవత్సరమే చాలును. ఆ యేడు ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసెను. ఆకాశమునుండి శత్రువు వచ్చుట యన నేమో తెలుగువారికి ఆనాడు అనుభవమునకు వచ్చినది. ఏకమై శత్రువును ఎదిరింపుడని మనలను పిలిచినది మనకు స్వాతంత్ర్యము నిరాకరించిన ప్రభుత్వము. ఆగస్టు 8వ తేదీన కాంగ్రెసు మహాసభ బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానము చేయగా, మఱునాడే నాయకులను చెఱసాలలకు పంపిరి. వెలివేసినవానిని నీళ్లు మోయుమనుట యిదియే. అప్పుడు గాంధీమహాత్ముడు, జపానువారు వచ్చినచో వారికిని సహకరింపరాదని బోధించెను. సుభాష్ చంద్రబోసు బెర్లినుకు పోయి, అచ్చటి రేడియోనుండి స్వాతంత్ర్యమును చాటి, పిమ్మట జపానువారి సహాయమున సేనను నడపెను. బోసు దేశభక్తిని శంకించుట పాపము. పీడకుని శత్రువును ఆశ్రయించుట ద్రోహము కాదని పైన చెప్పిన న్యాయము ఆయనకును వర్తించును. ఐనను, ఆశ్రయమిచ్చినవాని పాపమును ఆశ్రయగృహమునుండి బహిరంగముగ ఖండించుట ఆయనకు సాధ్యపడలేదు. రుస్సీ చెల్లింప నిరాకరించిన మూల్యము ఎంత భారమైనదో దీనివలన తెలియుచున్నది. ఆ నిరాకరణము నవలలోనే యింత కష్టమైనప్పుడు, నిజజీవితమున చిక్కుకొన్నవారిని తేలికగ తూలనాడుట న్యాయము కాదు.

కావున మా సిద్ధాంతమును మూడు మాటలలో చెప్పెదము. అన్యాయము చేసినవానికి ఐకమత్యమును కోరు నధికారము లేదు. అన్యాయము పొందినవానికి ఎవరి చేయినైనను అందుకొను నధికారము కలదు. ఆ చేయి అందించినవానికొఱకు అసత్యము పలుకు నధికారము మాత్రము ఎవ్వరికిని లేదు.

ఇది దూరదేశపు యుద్ధములకు మాత్రమే చెల్లు నీతి కాదు. కోడలిని కొట్టు ఇంటిలో, పొరుగువారు కేకలు విని పోలీసులను పిలిచినప్పుడు, ఇంటి పరువు వీథిన పడినదని అత్తమామలు కోడలినే నిందింతురు. 1950లో రాజ్యాంగము అస్పృశ్యతను రద్దు చేసిన తరువాతను, వెలివాడవారు ఊరిబావి కొఱకు న్యాయస్థానము మెట్లెక్కినప్పుడు, బయటివారి మాట విని ఊరి యైకమత్యమును చెఱచితిరని పెద్దలు కోపింతురు. ఆ యైకమత్యములో వారికి భాగమెప్పుడున్నదని మేము అడుగుచున్నాము. బయటివాడు లోనికి వచ్చినది మనము మూసిన తలుపునుండియే. అట్లే, సహాయమునకు వచ్చిన ఆ బయటివాడు పార్టీయైనను, సంఘమైనను, ధనికుడైనను, తన తప్పులను గూడ పొగడుమని కోరినప్పుడు, సహాయము పొందినవారు రుస్సీని తలచుకొనవలెను.

ఆకాశమునుండి బల్లులు వచ్చునో రాదో మనకు తెలియదు. వచ్చునంతవఱకు ఐకమత్యమును వాయిదా వేయవలసిన పని లేదు. మన గోడకు ఆవల ఎవరిని ఉంచితిమో ఈ రాత్రియే ఇంటింట విచారించుకొని, ఆ గోడను మన చేతులతోనే పడగొట్టుకొనుట సులభము. బయటివాడు వచ్చి దానిని పడగొట్టినప్పుడు, లోపలినుండి వచ్చువారు మనవైపు నిలువకపోయినచో, వారిని అడుగుటకు మనకు మాట యుండదు.